మంచులో పత్తి బండి

మా ఇంట్లో పుస్తకాల అలమారుకు ఎదురుగా ఉన్న బల్ల మీద, అద్దం కింద ఒక ఛాయాచిత్రం ఉంది. రాత్రివేళ తీసినది. నల్లని ఆకాశం కింద తెల్లని గుట్ట ఒకటి, దాని మీద ఏటవాలుగా పడిన పసుపు వెలుగు, వెలుగు అందని వైపున లేత నీలం. గుట్ట వెనుక ఒక వేపచెట్టు, చెట్టు చుట్టూ పలుచని పొగమంచు. ఇంటికి వచ్చిన బంధుమిత్రులు దాన్ని చూడగానే దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు. "ఎక్కడిది, కాశ్మీరా?" కాదంటాము. "అయితే సిమ్లా అయి ఉంటుంది" అంటారు. అది మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో, ఆదిలాబాద్ జిల్లాలోని మా పట్టణపు మార్కెట్ యార్డు రోడ్డు మీద తీసిందని చెబితే మళ్లీ ఒకసారి కళ్లద్దాలు సవరించుకుని చూస్తారు.

తప్పు వారిది కాదు. మన భాషలో మంచు అనే మాట ఒక్కటే. ఉత్తరాదిన కొండల మీద కురిసి గడ్డకట్టేదీ మంచే. తెల్లవారుజామున గడ్డిపోచ కొసన నిలిచే నీటిబొట్టూ మంచే. చలికాలంలో దారిని కమ్మి బస్సులను ఆలస్యం చేసే పొగా మంచే. మా చిత్రంలో మొదటిది లేదు, మిగిలిన రెండూ ఉన్నాయి. తెల్లగా కనపడే గుట్ట పత్తి. ఆ గుట్టకు కుడివైపున, చిత్రంలో నాలుగో వంతు మేర, ముదురు రంగు మచ్చలాంటిది ఒకటి పరుచుకుని ఉంది. దాన్ని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈ నెల శీర్షికలో మేము చెప్పదలచింది దాన్ని గురించే.

2024 డిసెంబర్ నెల నడుమ సంగతి. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయికి కళాశాలలో ఒక పని ఒప్పగించారు. చలికాలపు రాత్రి మీద ప్రతి విద్యార్థీ ఒక ఛాయాచిత్రం తీసి తేవాలి, ఇంటర్నెట్ నుంచి దించుకున్నది పనికిరాదు. అమ్మాయి చేతిలో వాళ్ల అన్న వాడి విడిచిన ఫోను ఉంది. మా దగ్గర ముప్ఫై ఏళ్ల నాటి ఫిల్ము కెమెరా ఉంది, ఇప్పుడు దానిలోకి ఫిల్ము దొరకడమే కష్టం. కానీ ఆ కెమెరాతో ఒకప్పుడు రాత్రివేళ మినార్లనూ రైలు పట్టాలనూ తీసిన అనుభవం కొంత మిగిలి ఉంది. "నీవు తియ్యి, మేము పక్కన ఉంటాము" అని, ఇషా నమాజు ముగిశాక తండ్రీ కూతుళ్లం బయలుదేరాము. స్వెటరు, మఫ్లరు, ఊలు టోపీ ఇల్లాలి ఆజ్ఞ మేరకు వేసుకున్నామని వేరే చెప్పనక్కరలేదు.

మొదటి అరగంట వృథా అయింది. ఆ రాత్రి జుమాదల్ ఆఖిర్ నెల సగానికి వచ్చింది, చంద్రుడు నిండుగా ఉన్నాడు. అమ్మాయికి చంద్రుడూ వీధీ రెండూ ఒకే చిత్రంలో కావాలి. తీసిన ప్రతిసారీ చంద్రుడు సున్నపు ముద్దలా, అంచు కూడా లేకుండా వచ్చాడు. ఫోను పాతదని ఆమె విసుక్కుంది. ఎంత ఖరీదైన కెమెరాకైనా ఇదే చిక్కు. చంద్రుని మీద పడేది సూర్యకాంతి. మనకు రాత్రి అయినా చంద్రుని నేల మీద అది పట్టపగలే. ఆ వెలుగును పట్టడానికి సెకనులో వందో వంతో, అంతకన్నా తక్కువో చాలు. వీధి సంగతి వేరు. దానికి మూడు నాలుగు సెకన్లు కావాలి. ఒకటి సరిపోయేంత సేపు తెరిస్తే రెండోది కాలిపోతుంది, రెండోది సరిపోయేలా తీస్తే మొదటిది మునిగిపోతుంది. "అయితే చంద్రుణ్ణి వదిలేద్దాం, ఆయన వెలుగును ఉంచుకుందాం" అని అమ్మాయి నిర్ణయించింది. చంద్రునికి వీపు పెట్టి నిలబడింది. మేము చెప్పకుండానే తీసుకున్న నిర్ణయం అది, ముచ్చట వేసింది.

తరువాత ఫ్లాష్ పెట్టి చూసింది. మంచులో ఫ్లాష్ వేస్తే ముందున్న నీటి తుంపరలే వెలిగి తెల్లని తెర కడతాయి, వెనుక ఉన్నదేదీ కనపడదు. అదీ వదిలింది. వీధి దీపం చిత్రంలోకి వస్తే దాని చుట్టూ గీతలు, మరకలు. దీపాన్ని చెట్టు మొదలు వెనుక దాచేలా రెండడుగులు పక్కకు జరిగి నిలబడమన్నాము. అప్పుడు జరిగింది చూడదగినది. దీపం కనపడటం మానేసింది, దాని వెలుగు మాత్రం మంచులో పరుచుకుని, చెట్టు ఒక్కో కొమ్మా విడివిడిగా తేలింది. పగటి ఫొటోలో మంచు వస్తువులను కప్పుతుంది. రాత్రి, వెనుక నుంచి వెలుగు ఉంటే, అదే మంచు వస్తువులకు రూపం ఇస్తుంది. చలిలో మరొక ఇబ్బంది ఏమిటంటే మన ఊపిరే కటకం మీద ఆవిరై కూర్చుంటుంది. అమ్మాయి మాటిమాటికీ దుపట్టా కొంగుతో తుడుస్తూ, చివరకు ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదలడం నేర్చుకుంది.

మంచు రాత్రిని తొలిసారి గట్టిగా పట్టిన చిత్రాలలో ఒకటి న్యూయార్కులో 1898లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన 'ఐసీ నైట్'. న్యుమోనియా నుంచి కోలుకుంటున్న మనిషి, అర్ధరాత్రి దాటాక పక్క మీది నుంచి లేచి వెళ్లి తీశాడు. చెట్ల బారు, దీపాలు, గడ్డకట్టిన దారి, అంతే. (మా ఇంట్లో ఎవరైనా న్యుమోనియాతో అలా లేచి వెళితే ఏమయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చు.) అక్కడి వారికి ఒక సౌకర్యం ఉంది. నేల మీద పరుచుకున్న తెల్లని మంచు ఏ కొద్ది వెలుగునైనా తిప్పి పైకి విసురుతుంది, అందువల్ల రాత్రి పూర్తిగా నల్లబడదు. మన నేల ఎర్రదో నల్లదో. పడిన వెలుగును తాగేస్తుంది. "మనకు తెల్లనిది ఏముంది నాన్నా?" అని అమ్మాయి అడిగింది. డిసెంబర్‌లో మా జిల్లాలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. యార్డు రోడ్డు వైపు నడిచాము.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ రోడ్డు పత్తి రోడ్డు. మరుసటి ఉదయపు తూకానికి ముందు వరుసలో ఉండాలని రైతులు సాయంత్రమే వచ్చి బండ్లు నిలుపుతారు. ట్రాక్టర్లు, బొలేరోలు, అక్కడక్కడ ఎడ్లబండ్లు. ఆ రాత్రి ముప్ఫై దాకా ఉన్నాయి. అన్నిటి మీదా టార్పాలిన్లు బిగించి కట్టి ఉన్నాయి. నడుమ ఒక ట్రాక్టరు ట్రాలీ మీద మాత్రం టార్పాలిన్ చాలలేదు. ముందువైపు మూడింట రెండు వంతులు కప్పి, వెనుక భాగం వదిలేసి ఉంది. ఆ విడిచిన చోట పత్తి ఉబ్బి, దీపపు వెలుగులో, చంద్రుని వెలుగులో, నిజంగానే కొండ మీది మంచులా ఉంది. అమ్మాయి ఎదురుగా ఉన్న పిట్టగోడ మీద ఫోను నిలబెట్టి, ఇటుక ముక్క ఆనించి, మూడు సెకన్ల తరువాత దానంతట అదే తీసుకునేలా అమర్చి, చేతులు వెనక్కి పెట్టుకుంది. ఫోను నాలుగు సెకన్లు మెదలక చూసింది.

తెర మీద చిత్రం తేలగానే అమ్మాయి "నాన్నా, ఇక్కడ మనిషి ఉన్నాడు" అంది.

మేము తలెత్తి ట్రాలీ వైపు చూశాము. మాకు కనపడలేదు. మళ్లీ తెర మీద చూశాము. ఉన్నాడు. పత్తి మీద, కుడివైపు చివర, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, పలుచని దుప్పటి లాంటిది భుజాల మీద వేసుకుని ఒక మనిషి పడుకుని ఉన్నాడు. అతని పక్కన, టార్పాలిన్ అందని పత్తి మీద, మందపాటి గొంగడి ఒకటి నాలుగు మూలలూ లాగి పరిచి ఉంది. గొంగడి కింద మనిషి లేడు. పత్తి ఉంది.

ఫోనుకు కనపడింది మాకెందుకు కనపడలేదో చెప్పుకోవాలి. వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ చూపు మీద పెద్ద గ్రంథమే రాశాడు. కంటి నుంచి కిరణాలు వెళ్లి వస్తువును తాకవని, వస్తువు మీది వెలుగే కంటికి వచ్చి చేరుతుందని నిరూపించడానికి శ్రమించిన వాడు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వెలుగును రానిచ్చి పరిశీలించిన వాడు. బలమైన వెలుగు ఎదురుగా ఉంటే బలహీనమైనవి కంటికి దొరకవని కూడా ఆయన గమనించాడు. పగలు నక్షత్రాలు కనపడకపోవడం అందుకే. మాకూ ఆ మనిషికీ నడుమ వీధి దీపపు వెలుగు ఉంది, తెల్లని పత్తి ఉంది. మా కన్ను తెల్లదనం దగ్గరే ఆగిపోయింది. పైగా కన్ను వెలుగును కూడబెట్టదు, వచ్చింది వచ్చినట్టు చూసి వదిలేస్తుంది. ఫోను ఆ నాలుగు సెకన్లలో వరుసగా అనేక చిత్రాలు తీసి, ఒకదానిపై ఒకటి పేర్చి, నీడలోని కొద్దికొద్ది వెలుగును పోగు చేసింది. ఆ సమయంలో మా వెనుక నుంచి ఒక మోటారు సైకిలు వెళ్లింది, ముందు నుంచి ఇద్దరు నడిచి పోయారు. వాళ్లెవరూ చిత్రంలో లేరు. రాత్రి చిత్రాలలో కదిలేవాళ్లు మాయమై, కదలకుండా పడి ఉన్నవాళ్లే మిగులుతారు.

మా మాటలకు ఆయన లేచాడు.

"ఎవలది?"

"మేమే అన్నా, ఊళ్లోవాళ్లమే. అమ్మాయి చదువు కోసం ఫొటో తీసుకుంటున్నది."

ఆయన కిందికి దిగి వచ్చాడు. అరవై దగ్గర ఉంటాయి. అమ్మాయి "చూడు కాకా" అని ఫోను చూపించింది. చాలాసేపు చూశాడు. తన్ను తాను చూసుకున్నట్టు లేదు, పత్తినే చూశాడు. తరువాత మమ్మల్ని అడిగిన మాట మేము ఊహించనిది.

"సారూ, గీ మంచు ఫొటోల కనవడ్తదా? పొద్దుగాల మిషిన్ పెట్టేటోళ్లకు చూపెట్టచ్చా?"

మిషిన్ అంటే పత్తిలోకి గుచ్చి తేమ చూసే యంత్రం. పత్తి పండించే ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. ప్రభుత్వ కొనుగోలులో తేమ 8 శాతం లోపు ఉంటే మద్దతు ధర మొత్తం ఇస్తారు. అక్కడి నుంచి 12 శాతం దాకా పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే ఆ కొనుగోలులో తీసుకోరు, ఇంకెవరైనా అడిగిన ధరకు ఇచ్చుకోవాలి. ఆ సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అంటే ఒక్క శాతం తేమ క్వింటాలుకు 75 రూపాయలు. ఆయన ట్రాలీలో పద్నాలుగు క్వింటాళ్లు ఉంది. మధ్యాహ్నం ఇంటి దగ్గర ఆరబోసి చూస్తే తొమ్మిది ఉండెనట. రాత్రంతా బయట ఉంటే ఎంత అవుతుందో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు.

"మబ్బు పట్టినా బాగుండు సారూ. గింత తెల్లగ వెన్నెల కాసిందంటే మంచు గట్టిగ పడ్తది."

ఆ మాటలో శాస్త్రం ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల మీది వస్తువులు తమ వేడిని అడ్డు లేకుండా పైకి పోగొట్టుకుని, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడతాయి. గాలిలోని తేమ వచ్చి వాటి మీద నీరై కూర్చుంటుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా అడ్డు నిలిచి ఆ వేడిని కొంత తిరిగి పంపుతుంది, మంచు తక్కువ పడుతుంది. చెట్టు కింద నిలిపిన బండి మీద మంచు పడకపోవడమూ ఇందువల్లనే. సాయంత్రం నుంచి మేము మబ్బు లేదని సంతోషిస్తూ తిరిగాము. గాలి లేదని, మంచు చక్కగా నిలిచిందని, వెన్నెల పత్తి అంచుల మీద నీలంగా పడుతున్నదని మెచ్చుకున్నాము. ఆ రాత్రిలో చిత్రానికి మంచిదైన ప్రతిదీ ఆ పద్నాలుగు క్వింటాళ్లకు చెడ్డది.

మేము ట్రాలీ దగ్గరకు వెళ్లి, గొంగడి అంచు ఎత్తి, పిడికెడు పత్తి తీసి చెంపకు ఆనించి చూశాము. తరువాత కప్పని చోటి నుంచి కొంచెం తీసి చూశాము. తేడా తెలిసింది. ఆయన ఆశ్చర్యపడి "మీకెట్ల ఎరుక సారూ?" అన్నాడు. మా తాతది దూదేకే వృత్తి. చలికాలం వస్తే ఊరూరా తిరిగి పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. విల్లు భుజాన వేసుకుని వెళ్లేముందు ఇంటివాళ్ల దూదిని ఇలాగే చెంపకు ఆనించి చూసేవాడు. చెమ్మ ఉన్న దూది నారికి చుట్టుకుంటుంది, విడిపడదు. ఎండ వచ్చేదాకా ఆరబెట్టించి గాని పనిలోకి దిగేవాడు కాదు. మాకు ఆ విద్యలో మిగిలింది చెంప ఒక్కటే. "మాది దూదేకులోళ్ల ఇల్లే అన్నా" అన్నాము. "అయితే మనం మనం ఒకటే" అని నవ్వాడు. మా తాత దూది గురించి చెప్పుకుంటూ ఆ చలిలో పది నిమిషాలు గడిపాము.

"గొంగడి నీవు కప్పుకోరాదా, ఈ చలిలో?" అని అడిగాము.

"మనిషి తడిస్తే ఆరుతడు సారూ. పత్తి తడిస్తే పైసలు పోతయి."

అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని నిలబడే ఉంది. "కాకా, ఈ ఫొటో మా కాలేజీలో పెట్టవచ్చా?" అని అడిగింది. అడగాలని మాకు తోచనే లేదని ఒప్పుకోవాలి. మా కాలంలో ఎవరి ఫొటో అయినా తీసేవాళ్లం, వీధిలో ఉన్నవాడు వీధికి చెందినవాడే అన్నట్టు. ఆయన కాసేపు ఆలోచించాడు.

"నా మొఖం ఎందుకు బిడ్డా? మా బిడ్డనిచ్చినోళ్లు ఫోన్ల చూస్తే, మీ నాయిన రోడ్డు మీద పండిండు అంటరు. ఆ పిల్లకు మాటొస్తది. పత్తి తీసుకో. గొంగడి తీసుకో."

1892లో రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో అని ఒకటి తెరిచాడు. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడాయన. పరదా పాటించే ఇళ్ల స్త్రీల కోసం ఎత్తైన గోడల నడుమ కట్టించి, తీసే పని కూడా ఒక స్త్రీకే, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అక్కడికి వచ్చిన స్త్రీలు చిత్రం వద్దనలేదు. తమను ఎవరు చూడాలో తామే నిర్ణయించుకోదలచారు. ఛాయాచిత్రం తగునా తగదా అన్న చర్చ మన ఇళ్లలో ఉన్నదే, దానిలోకి ఈ పుటలో దిగబోవడం లేదు. పరదా ఇంటి ఆడవాళ్లకే కాదు, రోడ్డు మీద పడుకున్న రైతుకూ కావలసి రావచ్చునని మాత్రం ఆ రాత్రి అర్థమైంది. ఆయన పరదా ఆయన కూతురి కోసం.

అమ్మాయి ఆయన ఎదుటనే ఆ చిత్రాన్ని తీసివేసింది. అంతటితో ఊరుకోలేదు. తీసివేసినవి ఫోనులో మరొక చోట కొన్ని రోజులు దాగి ఉంటాయట. అక్కడికీ వెళ్లి శాశ్వతంగా తొలగించి, ఖాళీ తెర ఆయనకు చూపించింది. ఆయన మా వెనుకకు వచ్చి నిలబడ్డాడు. ఆమె మళ్లీ పిట్టగోడ మీద ఫోను పెట్టి, మళ్లీ ఇటుక ముక్క ఆనించి, రెండో చిత్రం తీసింది. బల్ల మీద ఉన్నది అదే. కుడివైపున ఉన్న ముదురు మచ్చ ఆయన గొంగడి.

ఇంటికి వచ్చి, మోటారు సైకిలు మీద కప్పే ప్లాస్టిక్ పట్టా తీసుకుని పదకొండున్నరకు మళ్లీ వెళ్లాము. మొదట వద్దన్నాడు, తరువాత తీసుకున్నాడు. పత్తి మీద పట్టా కప్పి నాలుగు వైపులా ఇటుకలు పెట్టాక గొంగడి ఆయన భుజాల మీదకు వచ్చింది. ఉదయం పట్టాను మలుపులో ఉన్న చాయ్ బండి దగ్గర ఇచ్చి పొమ్మన్నాము.

ఇంతవరకే జరిగి ఉంటే ఈ శీర్షికలో రాసేవాళ్లం కాదేమో. మర్నాడు మేము చేసిన పని ఒకటుంది. అమ్మాయి కళాశాలకు వెళ్లాక ఆ చిత్రాన్ని మా ఫోనులో తీరికగా చూశాము. పాత విద్య మేలుకున్నది. కుడివైపు ఆ ముదురు భాగం బరువుగా ఉంది, చూపును లాగేస్తున్నది, తెల్లదనానికి అడ్డుపడుతున్నది అనిపించింది. అంచు పట్టుకుని లోపలికి జరిపాము. గొంగడి పోయింది. మిగిలింది తెల్లని గుట్ట, వేపచెట్టు, పసుపు వెలుగు. కూర్పు పరంగా నిస్సందేహంగా మెరుగు. ఆ ఆనందంలో బంధువుల గ్రూపులో పెట్టి, కింద "మన ఊరి మంచు" అని రాశాము. మాషా అల్లాహ్‌లు, పువ్వులు, చప్పట్లు వచ్చాయి. షార్జాలో ఉన్న మా బావగారి అబ్బాయి "స్వర్గంలా ఉంది మామయ్యా" అని రాశాడు. మధ్యాహ్నానికి అది మరో నాలుగు గ్రూపులకు పోయింది.

సాయంత్రం అమ్మాయి వచ్చి చూసింది. ఏమీ అనలేదు. టీ తాగింది, పుస్తకాలు సర్దుకుంది. తరువాత మా దగ్గరకు వచ్చి, "కాకా గొంగడి ఏది నాన్నా?" అంది.

మాకు జవాబు దొరకలేదు. ఆయన తన ముఖం వద్దన్నాడు, గొంగడి తీసుకొమ్మన్నాడు. ఆయన చిత్రంలో ఉండనిచ్చింది అదొక్కటే. దాన్ని మేము మచ్చ అని కోసేశాము. గ్రూపులో నుంచి తొలగించాము కాని, అప్పటికే పోయినవి పోయాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఆ సగం చిత్రాన్ని "కాశ్మీరు అందాలు" అన్న మాటతో మాకే పంపుతుంటారు. అమ్మాయి మాత్రం మొత్తం చిత్రాన్నే కళాశాలకు ఇచ్చింది. అక్కడా ఎవరో కుడివైపు కత్తిరిస్తే బాగుంటుందని సలహా ఇచ్చారట. పేరు ఏం పెట్టావని అడిగితే 'పత్తి' అని రాశానంది. మంచు అని ఎందుకు పెట్టలేదని మేము అడగలేదు.

ఆ సాయంత్రమే చాయ్ బండి దగ్గరకు వెళ్లాము. పట్టా నీటుగా మడిచి ఉంది, మడతల్లో అక్కడక్కడ దూది పీచు అంటుకుని ఉంది. మిషిన్ ఎంత చూపిందట అని అడిగాము. పదకొండు అట. తొమ్మిది నుంచి పదకొండు. ఎనిమిది మీద మూడు శాతం కోత, పద్నాలుగు క్వింటాళ్లకు లెక్క వేస్తే మూడు వేల నూట యాభై దాటుతుంది. పన్నెండు దాటలేదని ఆయన సంతోషంగానే వెళ్లాడని చాయ్ బండి అతను చెప్పాడు. పట్టా లేకుంటే ఎంత వచ్చేదో, గొంగడి ముందే కప్పి ఉండకపోతే ఎంత వచ్చేదో చెప్పగలవారెవరూ లేరు.

చిత్రాన్ని స్టూడియోలో రెండు ప్రతులు తీయించాము, గొంగడితో సహా. ఒకటి మా బల్ల మీదకు వచ్చింది. రెండోది కవరులో పెట్టి చాయ్ బండి అతని గల్లాపెట్టెలో ఉంచాము. రెండోసారి ఏరిన పత్తి తెచ్చేటప్పుడు ఆయన మళ్లీ వస్తానన్నాడట.